మొదటి తిప్పు చేత్తో

పోయిన నెల మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. కథ అయిపోయి అందరం భోజనాలకు లేస్తున్నాం. నాన్న కూడా లేచి, హాలు దాటి వంటింటి తలుపు దాకా బాగానే వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు పాదాలు కదలవు, నడుం పైభాగం మాత్రం ముందుకు వాలుతుంది. పార్కిన్సన్స్ జబ్బు వచ్చి ఆరేళ్లయింది, మాకు అలవాటే. కానీ వెనక ఇరవై మంది ప్లేట్ల కోసం నిలబడి ఉన్నారు. అప్పుడు బాబాయ్ అన్నాడు, "అన్నయ్యా, విల్ పవర్ ఉండాలి. గట్టిగా అనుకో, కాలు అదే లేస్తుంది."

నలుగురూ తలూపారు. నాన్న నవ్వాడో లేదో తెలీదు. ఈ జబ్బులో మొహం కూడా బిగుసుకుపోతుంది, నవ్వు లోపలే ఉండిపోతుంది.

అసలు విషయం తర్వాత జరిగింది. భోజనాలయ్యాక గాలి కోసం అందరూ మేడ మీదికి వెళ్తుంటే నాన్న కూడా రెయిలింగు పట్టుకుని పద్దెనిమిది మెట్లు గబగబా ఎక్కేశాడు. బాబాయ్ నా వైపు తిరిగి, "చూశావా? అనుకుంటే ఎక్కాడు. నేను చెప్పలా?" అన్నాడు. ఆ పూట ఊరుకున్నాను. ఇంటికొచ్చిన పెద్దమనిషితో వాదన ఎందుకని. కానీ ఆ మాట నెల రోజులుగా నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆయన చూసింది నిజమే, దానికి ఆయన చెప్పుకున్న కారణమే తప్పు. మెట్లెక్కించింది నాన్న మనోబలం కాదు, మెట్లే. వంటింటి తలుపు దగ్గర ఆగిపోవడానికి కారణం మనోబలం తక్కువై కాదు. నడక అనేది మనం 'అనుకుని' చేసే పని కానే కాదని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుంటాను. బాబాయ్ ఈ బ్లాగు చదవడు లెండి.

తలలేని కోడి

పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. పండక్కి కోడిని కోశాక అది కాసేపు రెక్కలు టపటపా కొట్టుకుంటుంది, ఒక్కోసారి నాలుగడుగులు పరిగెత్తుతుంది కూడా. చిన్నప్పుడు నేను జడుసుకుంటే మా నాయనమ్మ "ప్రాణం పోతోంది, అంతే" అనేది. పోయే ప్రాణం గిలగిలా కొట్టుకుంటే అర్థముంది గానీ, ఇంత వరసగా, ఇంత లెక్కగా రెక్క ఎందుకు ఆడిస్తుంది? తల లేనప్పుడు ఆ లెక్క ఎవరు పెడుతున్నారు?

వెన్నుపాము పెడుతోంది. 1911లో లివర్‌పూల్‌లో థామస్ గ్రాహం బ్రౌన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు పిల్లుల మీద చేసిన పని ఇదే. అప్పటికి అందరూ నమ్మిన మాట ఏమిటంటే, నడక ఒక గొలుసు: ఒక అడుగు పడగానే ఆ స్పర్శ వెన్నుపాముకు చేరి, అది తర్వాతి అడుగును లేపుతుంది. గ్రాహం బ్రౌన్ వెన్నుపామును పైనుంచి తెగ్గొట్టాడు, కాళ్లనుంచి స్పర్శ మోసుకొచ్చే నరాలనూ కోసేశాడు. పైనుంచి ఆజ్ఞ లేదు, కిందనుంచి కబురు లేదు. అయినా కాలును ముడిచే కండరమూ, చాచే కండరమూ ఒకదాని తర్వాత ఒకటి నడకలో లాగానే బిగుసుకుంటూ వదులవుతూ పోయాయి. లయ పుట్టేది ఆ వెన్నుపాములోనే.

అదెలా అన్నదానికి ఆయన చెప్పిన బొమ్మ నాకు మా అమ్మ చెప్పే రోకళ్ల సంగతిలాగే ఉంటుంది. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దంచేటప్పుడు ఒకరి రోకలి దిగుతుంటే రెండోవారిది పైన ఆగాలి. వెన్నుపాములో రెండు జట్ల నాడీకణాలుంటాయి. ఒకటి పనిలో ఉన్నంతసేపూ రెండోదాన్ని అణిచిపెడుతుంది. అది అలిసి కాస్త సడలగానే రెండోది లేచి మొదటిదాన్ని అణుస్తుంది. ఇంక తాళం వేసేవాడెందుకు? ఈ మాటను యాభై ఏళ్ల దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960లలో స్వీడన్‌లో లుండ్‌బర్గ్ బృందం మళ్లీ తవ్వి తీసింది. ఈలోగా గ్రాహం బ్రౌన్ ఆల్ప్స్ కొండలెక్కడంలో పేరు తెచ్చుకున్నాడు. నడక ఎక్కడ పుడుతుందో కనిపెట్టిన మనిషి జీవితంలో సగం ఆ ఆల్ప్స్‌లోని మాఁ బ్లాఁ (మాంట్ బ్లాంక్) కొండ మీద అడుగులేస్తూ గడిపాడంటే నాకు ముచ్చటేస్తుంది.

మిడతలదీ ఇదే కథ. రెక్కల కదలికను చెప్పే నరాలను తీసేసినా మిడత ఎగిరే లయ పోలేదని, కాకపోతే వేగం దాదాపు సగానికి పడిపోయిందని 1961లో డొనాల్డ్ విల్సన్ చూపించాడు. ఆ సగం మాట గుర్తుంచుకోండి. లయ లోపలిదే, కానీ దానికి సరైన వేగం ఇచ్చేది బయటి కబురు.

మరి మెదడు ఏం చేస్తుంది? 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఒర్లోవ్‌స్కీ అని ముగ్గురు, పై మెదడు తీసేసిన పిల్లిని ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి మధ్య మెదడులో ఒక చోట కరెంటు ఇచ్చారు. పిల్లి నడిచింది. కరెంటు కాస్త పెంచితే అడుగు జోరందుకుంది. ఇంకా పెంచితే నడక పద్ధతే మారిపోయి దౌడు తీసింది. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది. ఆ కరెంటులో 'ఎడమ, కుడి, ఎడమ, కుడి' అని ఏమీ లేదు. అది మన ఫ్యాను రెగ్యులేటర్ లాంటిది. రెగ్యులేటర్ తిప్పేవాడు ఒక్కో రెక్కకూ 'నువ్విటు, నువ్వటు' అని చెప్పడు. ఎంత అన్నదే చెబుతాడు.

బాబాయ్ విల్ పవర్ ఈ రెగ్యులేటర్‌కు పైన ఎక్కడో ఉంది. అది మేనేజరు గది, కాళ్లు తొక్కే చోటు కాదు.

కాళ్లను చూడకు, గుడ్డను చూడు

నాన్న తెనాలిలో నలభై ఏళ్లు టైలరు. కాలితో తొక్కే ఉషా మిషను మీదే మమ్మల్ని చదివించాడు. పదేళ్ల వయసులో నాకూ నేర్పబోయాడు. కొత్తగా తొక్కేవాళ్లకు మొదట ఎదురయ్యే బాధ చక్రం వెనక్కి తిరగడం. తొక్కుడు పలక మీద రెండు కాళ్లూ పెట్టి నొక్కగానే చక్రం ముందుకు బదులు వెనక్కి తిరుగుతుంది, దారం టప్పున తెగుతుంది. నేను కిందికి వంగి పాదాలనే చూస్తూ, ఇప్పుడు మడమ, ఇప్పుడు వేళ్లు అని లెక్కపెడుతూ తొక్కేదాన్ని. ఎంత శ్రద్ధ పెడితే అంత వెనక్కి తిరిగేది. నాన్న రెండే మాటలు చెప్పాడు. "కాళ్లను చూడకు, గుడ్డను చూడు. మొదటి తిప్పు చేత్తో ఇవ్వు."

రెండో మాట ఎందుకంటే, తొక్కుడు పలకకూ చక్రానికీ మధ్య ఉన్న కడ్డీ సరిగ్గా పైకో కిందకో నిలిచిపోయిన చోట ఆగితే, కాలితో ఎంత బలంగా నొక్కినా చక్రం కదలదు. పక్కనుంచి చిన్న తోపుడు కావాలి. కుడి చేత్తో పై చక్రాన్ని మన వైపు ఇంత తిప్పితే చాలు, ఆ తర్వాత కాళ్లు దాని వెంట పోతాయి. ఏనుగంత బలంతో తొక్కినా రానిది బొటనవేలి తోపుడుతో వస్తుంది.

వంటింటి తలుపు దగ్గర నాన్న అచ్చం ఆ స్థితిలోనే ఉన్నాడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. వెన్నుపాము బాగానే ఉంది. కాళ్లలో బలం ఉంది. లేకపోతే పద్దెనిమిది మెట్లు ఎలా ఎక్కుతాడు? మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే నాడీకణాల గుంపు ఒకటుంది. మామూలుగా అది కదలికల మీద బ్రేకు వేసి ఉంచి, కావలసినప్పుడు కావలసినదానికి మాత్రమే వదులుతుంది. ఆ వదలడానికి డోపమైన్ అనే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ డోపమైన్ చేసే కణాలే చచ్చిపోతుంటాయి. అంటే హ్యాండ్ బ్రేకు వేసి ఉన్న బండి. బాబాయ్ చెప్పేది యాక్సిలరేటర్ ఇంకా తొక్కమని.

పైగా తొక్కినకొద్దీ బిగుసుకుంటుంది. టెన్షన్ పెరిగితే ఈ ఆగిపోవడం ఎక్కువవుతుందని డాక్టర్లూ చెబుతారు, మేమూ రోజూ చూస్తాం. లిఫ్టు తలుపు మూసుకుపోతోందంటే చాలు, నాన్న రాయి. ఎవరూ లేనప్పుడు అదే లిఫ్టులోకి హాయిగా నడిచిపోతాడు. ఇరవై మంది ముందు 'గట్టిగా అనుకో' అనడం అంటే సాయం చేస్తున్నామనుకుంటూ బ్రేకు ఇంకాస్త బిగించడమే.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. నాన్నకు లయ లేకపోలేదు, అక్కర్లేని లయ ఒకటి వచ్చి కూర్చుంది. ఊరికే ఒళ్లో పెట్టుకున్న కుడి చెయ్యి సెకనుకు నాలుగైదు సార్లు, గడియారం పెట్టి కొలిచినంత క్రమంగా వణుకుతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి మాత్ర చుడుతున్నట్టు ఆడతాయి. గుండీకుట్టు కుట్టిన వేళ్లవి. నడవాలనుకుంటే రాని తాళం, వద్దన్నా పోని తాళం, రెండూ ఒకే మనిషిలో. విల్ పవర్‌తో నడవగలిగితే విల్ పవర్‌తో ఆ చెయ్యి ఆపగలగాలి కదా? ఆ మాట మాత్రం ఎవరూ అనరు. వణుకు జబ్బట, ఆగిపోవడం బద్ధకమట.

మెట్లకు ఏం తెలుసు

మెట్లు తేలికెందుకంటే ప్రతి మెట్టూ ఒక తోపుడు. 'ఇదిగో, పాదం ఇక్కడ పెట్టు' అని కంటికి కనిపిస్తుంది. నున్నటి టైల్స్ నేల మీద అలాంటిది ఏమీ లేదు, అడుగు పొడవు లోపలినుంచే రావాలి. ఆ లోపలిదే దెబ్బతింది. లండన్‌లో పర్డన్ మార్టిన్ అనే నాడీ వైద్యుడు 1967లోనే రాశాడు: ఇలా ఆగిపోయే రోగుల ముందు నేల మీద అడ్డంగా గీతలు గీస్తే ఒక్కో గీతా దాటుకుంటూ నడుస్తారని. అడ్డ గీతలు కావాలి, దారి వెంట పొడుగ్గా పోయే గీతలతో పని జరగదు. ఈ ముక్క చదివినప్పుడు నాకు పాత ఇళ్ల గడపలు గుర్తొచ్చాయి. తెనాలి ఇంట్లో ఎత్తయిన పసుపు గడప. అక్కడికి వెళ్తే నాన్న దాన్ని దాటి లోపలికి వస్తాడు. మా కూకట్‌పల్లి ఫ్లాటులో గడప పేరుకే ఉంది, వంటింటికి అదీ లేదు. తలుపు చట్రం ఇరుకు ఉంటుంది, దాటడానికి మాత్రం ఏమీ ఉండదు. ఇరుకు చోట ఆగిపోవడం ఈ జబ్బు లక్షణం. అడ్డంగా దాటాల్సింది ఉంటే మందు. పాత గడపలో రోగమూ మందూ కలిసే ఉండేవి. మనం మందు తీసేసి రోగం ఉంచుకున్నాం.

చెవితో ఇచ్చే తోపుడూ అంతే. 1996లో అమెరికాలో థాట్ బృందం పార్కిన్సన్స్ రోగులకు మూడు వారాలు రోజూ తాళానికి నడిచే అభ్యాసం ఇస్తే నడక వేగం 25 శాతం పెరిగింది. దీని వెనక ఒక సంగతి ఉంది. మామూలు మనిషిని టక్ టక్ శబ్దానికి వేలితో తట్టమంటే, శబ్దం విన్నాక తట్టడు. శబ్దం కంటే సెకనులో కొన్ని వందో వంతుల ముందే తట్టేస్తాడు, తనకు తెలియకుండానే. విని స్పందించాలంటే అంతకు ఎన్నో రెట్లు ఆలస్యమవుతుంది. అంటే తాళం వెయ్యడం ప్రతిసారీ జోస్యం చెప్పడమే. కదలకుండా కూర్చుని తాళం వింటున్నా మెదడులో కదలికకు సంబంధించిన భాగాలు, ఈ బేసల్ గాంగ్లియాతో సహా, పనిలో పడతాయని 2007లో గ్రాన్, బ్రెట్ స్కానుల్లో చూశారు. లోపలి జోస్యుడు మూగబోయినప్పుడు బయట ఒకడు పక్కన నిలబడి చెబుతూ ఉంటే కాళ్లు వింటాయి.

నేనూ పెద్ద తెలివిగా ఫోన్‌లో టక్ టక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్ వేశాను. మామూలు మనిషి నడక నిమిషానికి 110-120 అడుగులు కదా అని 120 పెట్టాను. నాన్న కదిలాడు, కానీ అడుగులు చిన్నవైపోయి, ఒకదాన్నొకటి తరుముతూ, మనిషి ముందుకు తూలి సోఫా మీద పడ్డాడు. అదృష్టం బాగుంది, సోఫా ఉంది. అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఫిజియోథెరపిస్టు వచ్చి, అసలు ముందు ఆయన సొంత నడక ఎంతో లెక్కపెట్టావా అని అడిగింది. లెక్కపెట్టలేదు. 92. ఆమె 88 పెట్టింది. తాళం మనిషిదై ఉండాలి, పుస్తకంలోది కాదు.

సినిమా పాటలు వేసి చూశాం, నాన్న నిలబడి పాట విన్నాడు. చివరికి పనికొచ్చింది అమ్మ. చెయ్యి పట్టుకుని పక్కన నడుస్తూ, తన ఒళ్లు కాస్త అటూ ఇటూ ఊపుతుంది. ఒక కాలి మీద బరువు పడితే రెండో కాలు తేలికవుతుంది, అది లేస్తుంది. ఇద్దరి అడుగూ కలిసిపోతుంది. రోకళ్ల దగ్గర నేర్చుకున్న విద్యేమో అడిగితే, "ఏం విద్యే, చెయ్యి పట్టుకున్నాను" అంటుంది.

బాబాయ్ వైపు నుంచి కూడా

ఇంతా రాశాక నా వాదనలో ఉన్న చిల్లులు కూడా చెప్పాలి.

ఒకటి, పిల్లి వేరు, మనిషి వేరు. వెన్నుపాము తెగిన పిల్లికి తర్ఫీదిస్తే ట్రెడ్‌మిల్ మీద వెనక కాళ్లతో అడుగులేస్తుంది. మనిషి వెయ్యలేడు. రెండు కాళ్ల మీద నిలబడే జంతువుకు పడిపోకుండా ఉండటమే సగం పని, ఆ పని పైనుంచే జరగాలి. లయ యంత్రం మన వెన్నుపాములోనూ ఉందనడానికి ఆధారాలున్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని నిలబెట్టి పాదాలు తగిలిస్తే అడుగులేస్తుంది. రెండు మూడు నెలలకు అది మాయమవుతుంది. పోయింది లయ కాదు, కాళ్లు లావెక్కి బరువయ్యాయంతేనని ఎస్తర్ థెలెన్ 1980లలో చూపించింది. అదే బిడ్డను ఛాతీ దాకా నీళ్లలో దించితే అడుగులు తిరిగొచ్చాయి. 2018లో స్విట్జర్లాండులోని లొజాన్‌లో, వెన్నుపాము దెబ్బతిని ఏళ్లుగా నడవలేని ముగ్గురికి వెన్నుపాము మీద సరైన చోట, సరైన క్షణంలో కరెంటు ఇచ్చి, ఆసరాతో నడిపించారు. కానీ ఆసరా, అభ్యాసం, ఆ మనిషి ప్రయత్నం, అన్నీ కలిస్తేనే. మేనేజరు గది ఖాళీగా ఉంటే మనిషి నడవడు. ఆ మేరకు బాబాయ్ గెలిచాడు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 'కాళ్లను చూడకు' అన్న నాన్న మాట మంచిదనుకుని, నడక గురించి ఆలోచించకపోవడమే మేలని నేను అనుకున్నాను. ఫిజియోథెరపిస్టు సరిగ్గా దానికి విరుద్ధం చెప్పింది. "పెద్ద అడుగు, పెద్ద అడుగు అని మనసులో అనుకుంటూ నడవండి" అంది. చూస్తే నిజంగానే అడుగు సాగింది. తనంతట తాను జరగాల్సిన పని జరగనప్పుడు, దాన్ని కావాలని చేసే పనిగా మార్చుకుంటే వేరే దారిన పని జరుగుతుందట. అంటే అనుకోవడం పనికొస్తోంది. మరి నా గొడవేమిటి?

చాలా రోజులు ఆలోచించాను. తేడా 'ఏం అనుకోవాలి' అన్నదాంట్లో ఉంది. 'పెద్ద అడుగు' అన్నది కొలత. 'ఒకటీ, రెండూ' అన్నది తాళం. 'ఆ గీత దాటు' అన్నది గురి. 'గట్టిగా అనుకో', 'జాగ్రత్త', 'పడిపోతావ్' అన్నవాటిలో కొలతా లేదు, తాళమూ లేదు, గురీ లేదు. భయం ఉంది. పైగా ఈ కావాలని నడవడం ఖరీదైన వ్యవహారం. ఐదు నిమిషాలు నడిచేసరికి నాన్న ముఖాన చెమట. మధ్యలో ఎవరైనా "మందులేసుకున్నావా అన్నయ్యా?" అని పలకరిస్తే మాట దగ్గరే అడుగు ఆగిపోతుంది. నడిచేటప్పుడు ఆయన్ని పలకరించొద్దని ఇంట్లో రూలు పెట్టాం. చుట్టాలకు ఇది మర్యాదలేనితనంగా తోస్తుంది, నాకు తెలుసు.

విల్ పవర్ లేదని నేననను. ఆరేళ్లుగా రోజుకు నాలుగు సార్లు మాత్రలు మింగి, అవి పనిచేసే గంటల చుట్టూ స్నానం, తిండి, నిద్ర అమర్చుకుని బతుకుతున్న మనిషికి అది లేదంటే కళ్లు పోతాయి. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టించాలన్నదే నా పేచీ.

మొన్న ఆదివారం వంటింటి దారిలో గీతలు గీశాం. నేను రంగు టేపు తెస్తానంటే నాన్న వద్దని, పాత డబ్బాలోంచి టైలరు చాక్ తీసి నా చేతికిచ్చాడు. నీలంది, అరిగి అర్ధచంద్రాకారంలో ఉంది. తను కుర్చీలో కూర్చుని మెడలో టేపు వేసుకుని చెబుతున్నాడు, నేను మోకాళ్ల మీద గీస్తున్నాను. ఆరు గీతలు గీశాను. గీతకూ గీతకూ పదహారంగుళాలు అన్నాడు. గీసి లేచాను. నడవమన్నాను.

లేవలేదు. మూడో గీత వైపు వేలు చూపించాడు, ఆ వేలు వణుకుతూనే ఉంది.

"అది పదిహేనే ఉంది. చెరిపి గియ్యి."

కొలిచాను. పదిహేనుంబావు ఉంది.